ఆస్పర్జర్ టీనేజర్ల చదువు: చిన్న ఆనవాలు, పెద్ద ఊతం

ఫారడే నియమాన్ని పొల్లుపోకుండా అప్పజెప్పే విద్యార్థి ‘విద్యుదయస్కాంత ప్రేరణను వివరించండి’ అనగానే ఆగిపోవచ్చు. ఆస్పర్జర్ సిండ్రోమ్ ఉన్న టీనేజర్లకు ఈ ఇబ్బంది ఎదురుకావచ్చు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 వర్గీకరణ ఈ సిండ్రోమ్‌ను ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపింది.

విషయం మెదడులో ఉన్నా, దాన్ని వెతికి తీసే దారి దొరకదు. లండన్‌లోని సిటీ యూనివర్సిటీకి చెందిన డెర్మట్ బౌలర్ బృందం ఈ తేడాను పరిశీలించింది. ఏ ఆధారమూ లేకుండా గుర్తుచేసుకోమంటే తడబడినవారు, ఆనవాలు ఇస్తే మెరుగ్గా చెప్పగలిగారు.

కాబట్టి పాఠాన్ని చిన్న ప్రశ్నలుగా విడగొట్టండి. నిర్వచనం ఏమిటి? బొమ్మ ఎలా ఉంటుంది? సూత్రం ఏది? ఎక్కడ ఉపయోగపడుతుంది? ఒక్కో ప్రశ్నను ఒక్కో కార్డు మీద రాయించండి. పుస్తకం మూసి జవాబు చెప్పించండి. మర్నాడు, మూడు రోజులకు, వారానికి మళ్లీ అడగండి. జవాబులు పట్టుబడ్డాక కార్డులను ఒక్కొక్కటిగా తీసేయండి. ‘నిర్వచనం, బొమ్మ, సూత్రం, ఉపయోగం’ అనే వరసను మాత్రం కంఠస్థం చేయించండి.

పరీక్షలో ప్రశ్న చదవగానే ఈ నాలుగు మాటలూ చిత్తుగా రాసుకుంటే, ఆనవాలు తనకు తానే ఇచ్చుకున్నట్టు. తగిన ధ్రువపత్రం ఉంటే సీబీఎస్ఈ పరీక్షల్లో అదనపు సమయం కూడా ఇస్తారు. పాఠశాలను ముందుగానే అడగండి.