కొత్త కారు కదలలేదు

దేవరకొండ దగ్గర ఒక ఊరు. ఒక ఇంటి ముందు తెల్ల కారు ఉంది. కొని నాలుగు నెలలే అయింది. కిరాయికి తిప్పుదామని అప్పు తెచ్చి కొన్నారు. పెళ్ళిళ్ళ రోజుల్లో కారుకు తీరిక లేదు. ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు ఆగాయి. కారు మూడు వారాలు వేపచెట్టు కిందనే ఉండిపోయింది.

ఆ రోజు తల్లికి నల్లగొండలో కంటి శుక్లం ఆపరేషన్. పొద్దున ఎనిమిదింటికి అక్కడ ఉండాలి. తెల్లవారక ముందే కొడుకు తాళంచెవి తిప్పాడు. కారు 'టక టక' మన్నది. ఇంజను లేవలేదు. లైట్లు గుడ్డిగా వెలిగాయి.

"కొత్త కారుకు ఏం రోగం వచ్చింది!" అని తల పట్టుకున్నాడు.

పక్కింటి పెద్దాయన వచ్చాడు. "బ్యాటరీల నీళ్ళు అయిపోయినయేమో, చూద్దాం పట్టు" అని అగ్గిపుల్ల గీయబోయాడు.

"ఆగు మామా! గీయకు" అన్నది కోడలు. ఆమె సాక్షరతా కేంద్రంలో చదువు నేర్చుకున్నది. సెల్‌ఫోను లైటు వేసి చూపింది. బ్యాటరీ మీద మంట బొమ్మ, దాని మీద అడ్డగీత ఉన్నాయి.

ఆ బొమ్మ ఊరికే వేయలేదు. బ్యాటరీ లోపల సీసం రేకులు, గంధకామ్లం కలిపిన నీళ్ళు ఉంటాయి. ఛార్జి ఎక్కేటప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. దానికి నిప్పు తగిలితే బ్యాటరీ పేలుతుంది. ఆమ్లం కంట్లో పడితే చూపు పోవచ్చు. పడిన వెంటనే మంచినీళ్ళతో పదిహేను నిమిషాలైనా కడగాలి. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి పోవాలి.

అంతలో మరిది జీపు తెచ్చాడు. రెండు తీగలు కూడా తెచ్చాడు. ఎర్ర తీగ ఒక కొసను కారు బ్యాటరీ కూడిక గుర్తుకు, రెండో కొసను జీపు బ్యాటరీ కూడిక గుర్తుకు పట్టించాడు. నల్ల తీగను జీపు బ్యాటరీ తీసివేత గుర్తుకు తగిలించాడు. చివరి కొసను మాత్రం కారు బ్యాటరీకి పెట్టలేదు. దూరంగా ఇంజను ఇనుముకు పెట్టాడు. నిప్పురవ్వ లేచేది ఆ చివరి కొస దగ్గరే. జీపును ఐదు నిమిషాలు నడిపించాడు. ఈసారి కారు లేచింది. (లారీతో ఇట్లా చేయొద్దు. కారు బ్యాటరీ 12 వోల్టులు. లారీకి 24 వోల్టులు ఉంటాయి.)

ఏడున్నరకల్లా అత్తను ఆస్పత్రిలో దింపారు.

ఆపరేషన్ అయ్యేలోపు మెకానిక్‌కు చూపించారు. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇది అంత దూరం తిరిగి వచ్చినా 12.2 దగ్గరే ఉంది.

"బ్యాటరీ చెడలేదు. ఉత్తగ నిలబెట్టిండ్రు" అన్నాడు మెకానిక్.

కారు ఆపినా దానిలో గడియారం, తాళం యంత్రం, జీపీఎస్ పెట్టె కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. వారానికి ఒకసారి అరగంట రోడ్డు మీద నడపాలి. ఇంటి ముందు రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపితే లాభం లేదు, ఇంకా నష్టమే. నెలల తరబడి ఆపితే నల్ల తీగ ఊడదీయాలి. రెండు తీగలూ తీయాలంటే ముందు నల్లది తీయాలి, బిగించేటప్పుడు చివరికి నల్లది బిగించాలి.

"నీళ్ళు పోయాల్నా?" అని కోడలు అడిగింది.

"దీనికి మూతలు లేవు. పోసే పనే లేదు. మీ ట్రాక్టరుకు ఉంటే డిస్టిల్డ్ వాటరే పొయ్యాలె."

నల్లగొండ బోరు నీళ్ళలో ఫ్లోరైడు, ఉప్పులు ఎక్కువ. మనుషుల ఎముకలనే వంచిన నీళ్ళవి. బ్యాటరీ రేకులనూ చెడగొడతాయి. ఫిల్టరు నీళ్ళలోనూ కొంత ఉప్పు మిగులుతుంది.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా కంపెనీ లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన చేసింది. అవి కరెంటు బండ్లకు పనికొస్తాయి. అయితే కరెంటు కార్లలోనూ చాలావాటికి ఈ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది.

ఇంటికి వచ్చాక కోడలు కారు కాగితాలు తీసింది. బ్యాటరీ గ్యారంటీ కార్డు మీద తేదీ గడి ఖాళీగా ఉంది. ముద్ర లేదు. నాలుగు నెలలుగా ఎవరూ చూడలేదు. మరునాడే షోరూముకు పోయి బిల్లు చూపించింది. కొన్న తేదీ రాయించి, ముద్ర వేయించుకుని వచ్చింది.