చెవి వినుచున్న తీరు

ఉక్తలేఖనమున 'పాట' అని చెప్పగా 'బాట' అనియు, 'తాత' అని చెప్పగా 'దాత' అనియు వ్రాయు బాలుడొకడు కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో నుండెను. ఇంట తెలుగు, వీధిలో తమిళము. రెండు భాషల నడుమ వాడు తికమకపడుచున్నాడని తలంచి, మేము వానిని వెనుక బల్లకు పంపితిమి. దోషము భాషలలో లేదనియు, వాని చెవిలో నున్నదనియు వైద్యుడు చెప్పినపిదప గాని మాకు తెలియలేదు. కావున తల్లిదండ్రులకు చెవి సంగతి కొంత విన్నవింపదలచితిమి.

శబ్దమనగా గాలిలోని కంపనము. సెకనుకు సుమారు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను బాల్యమున మన చెవి గ్రహింపగలదు. అవి చెవిలోని నాళము వెంట పోయి కర్ణభేరిని కదల్చును. ఆ పలుచని పొర వెనుక మూడు చిన్న యెముకలు గొలుసుకట్టుగా నున్నవి. వానిలో కడపటిది గుఱ్ఱపు జీనుకు వ్రేలాడు అంకవన్నెను పోలియుండును. పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. దేహమునందలి యెముకలన్నిటిలో నిదియే చిన్నది. ఈ యెముకలందించిన కదలికను నత్తగుల్లవలె చుట్టుకొనియున్న లోపలి చెవి యందుకొనును. అందలి ద్రవము కదలగా రోమకణములు చలించి నరము ద్వారా మెదడునకు వార్త పంపును. హెచ్చు స్వరములకు చుట్ట మొదలును, తగ్గు స్వరములకు దాని కొనయు స్థానములు. లోపలి చెవిలో కంపనములు పనిచేయు తీరును పరిశోధించిన బెకెషీ పండితునకు 1961లో నోబెల్ బహుమానము లభించినది. రోమకణములు ఒక్కొక్క చెవిలో సుమారు 15,000 మాత్రమే. నశించినచో మరల మొలవవు. ఉత్సవములలో ధ్వనివర్ధకము ప్రక్కనే బిడ్డలను కూర్చుండబెట్టు పెద్దలు దీనిని గమనింతురు గాక.

మా బాలుని చిక్కు వేరు. ముక్కు వెనుక భాగమునుండి మధ్య చెవికి ఒక సన్నని నాళము గలదు. పిల్లలలో నిది పొట్టిగా, ఇంచుమించు అడ్డముగా నుండుటచే, జలుబు తరచుగా పట్టిన బిడ్డకు కర్ణభేరి వెనుక నీరు నిలుచును. అప్పుడు యెముకలు స్వేచ్ఛగా కదలవు. అచ్చులు బలమైన ధ్వనులు గనుక వినబడును. హల్లులు బలహీనములు గనుక జారిపోవును. పేరుపెట్టి పిలిచిన పలికెడు బిడ్డకు పాఠము సగమే చేరుట కిదియే కారణము.

బిడ్డ వెనుక మూరెడు దూరమున నిలిచి, 'పాట', 'కాకి', 'సీత' వంటి మాటలు గుసగుసగా పలికి, తిరిగి చెప్పుమనుడు. తప్పులు పలుమారు వచ్చినచో వైద్యునకు చూపవలెను. చెవిలో కాచిన నూనె పోయుట, పుల్లలు త్రిప్పుట తగదు. చెవి మీద కొట్టిన దెబ్బ కర్ణభేరిని చీల్చవచ్చును. ఈ మాట ఉపాధ్యాయులకును వర్తించును.

చికిత్స జరిగినపిదప ఆ బాలుని మొదటి బల్లకు పిలిచి, మా పొరపాటును వానితో చెప్పుకొంటిమి. వాడు నవ్వి, పలక తెచ్చుకొనుటకు వెనుక బల్లకు పరుగెత్తెను.