నియమమూ నవ్యతా: దృశ్యగీతాలు, వెబ్ పుటలు – ఒక పరిశీలన

ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు. పదవ అక్షరం యతిస్థానం. ప్రాసనియమం తప్పనిసరి. ఇన్ని కట్టుబాట్ల మధ్య కవికి ఊపిరి సలిపేదెట్లా అని ప్రతి సంవత్సరమూ తరగతిలో ఎవరో ఒకరు నన్ను ప్రశ్నిస్తూనే ఉంటారు. ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థులు మాత్రం ఈ ప్రశ్న అంతగా వేయరు. ఇంట్లో పెద్దల నోట గజళ్లు విని పెరిగినవారికి రదీఫ్, కాఫియాల నియమం చిన్ననాటి నుంచీ పరిచితమే గదా!

ఛందస్సు పాఠంలో పుట్టిన ఈ ప్రశ్నకు నాకు తృప్తికరమైన సమాధానం, చిత్రంగా, ఛందోగ్రంథాలలో కాక ఇంటర్నెట్‌లో లభించింది. అంతవరకు నేను కూడా చాలామంది అధ్యాపకుల వలెనే, విద్యార్థులు ఫోన్లలో చూసేదంతా కాలహరణమే అనుకుంటూ వచ్చాను. ఆ అభిప్రాయం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. కాని అందులో శ్రద్ధగా పరిశీలింపదగిన కళాసృష్టి కొంత ఉన్నది. పాటకు అనుగుణంగా తీసిన చిన్న చిత్రాన్ని మ్యూజిక్ వీడియో అంటున్నారు. ఈ వ్యాసంలో దానిని దృశ్యగీతం అని వ్యవహరిస్తాను.

2006లో అమెరికాకు చెందిన ఓకే గో అనే నలుగురు గాయకవాదకుల బృందం ఒక దృశ్యగీతాన్ని విడుదల చేసింది. అందులో పరికరాలు ఎనిమిది ట్రెడ్‌మిల్లులు మాత్రమే. అవే, వ్యాయామశాలల్లో మనిషి ఎంత నడిచినా ఉన్నచోటనే ఉంచే నడక యంత్రాలు. బృందనాయకుడి సోదరి ట్రిష్ సీ నృత్యరచన చేసింది. కెమెరా కదలదు. మధ్యలో కత్తిరింపు లేదు. పాట మొదటి నుంచి చివరి వరకు ఒకే చిత్రీకరణ. ఒక్క అడుగు తప్పితే మళ్లీ మొదటికి రావలసిందే. 17 సార్లు ప్రయత్నించిన మీదట వారికి కావలసినది దక్కింది. 2007లో దానికి గ్రామీ పురస్కారం లభించింది. ఒకే చిత్రీకరణ అన్న నియమం లేకపోతే అది ఎవరికీ గుర్తుండేది కాదేమో! చూసేవాడి గుండె దడదడలాడేది ఆ నియమం వల్లనే. అవధాని సమస్యాపూరణ చేస్తూండగా సభ ఎందుకు ఊపిరి బిగబట్టి వింటుందో, ఇక్కడా అదే కారణం.

ఈ మార్గానికి ఆద్యులు ఇంటర్నెట్‌కు ముందే ఉన్నారు. 1985లో నార్వే దేశపు అ-హా బృందం పాటకు స్టీవ్ బారన్ దర్శకత్వంలో వచ్చిన 'టేక్ ఆన్ మీ' దృశ్యగీతంలో పెన్సిలు రేఖల మనిషి బొమ్మల పుస్తకంలో నుంచి చెయ్యి చాచి ఒక యువతిని లోపలికి పిలుస్తాడు. నటులను ముందుగా ఫిల్ముపై చిత్రించి, ఆ ఫిల్ములోని ఒక్కొక్క చిత్రంపై చేతితో గీతలు గీశారు. సుమారు 3,000 చిత్రాలు, 16 వారాల శ్రమ. మరుసటి సంవత్సరం, అనగా 1986లో, పీటర్ గేబ్రియల్ 'స్లెడ్జ్ హామర్' పాట కోసం ఒక గాజుపలక కింద 16 గంటలు కదలకుండా పడుకున్నాడు. బొమ్మలను ఒక్కొక్క వెంట్రుకవాసి జరిపి ఫోటో తీసినట్లే మనిషిని కూడా జరుపుతూ తీశారు.

ఇందులోని లెక్క విద్యార్థులు గ్రహించడం అవసరం. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి. బొమ్మలు గీసేవారు సాధారణంగా ఒక్కొక్క బొమ్మను రెండు మార్లు వాడుకుంటారు కనుక సెకనుకు 12 చాలు. మూడు నిమిషాల పాటకు 180 సెకన్లు, అనగా 2,160 బొమ్మలు! ఇంత ఓపిక ఉన్నవాడికి ఖరీదైన యంత్రం లేకపోయినా గడుస్తుంది. ఓపిక లేనివాడికి ఏ యంత్రమున్నా ప్రయోజనం లేదు.

తర్వాతి కాలంలో శాస్త్రపరిజ్ఞానం కూడా తోడైంది. 2008లో రేడియోహెడ్ బృందం 'హౌస్ ఆఫ్ కార్డ్స్' దృశ్యగీతానికి మామూలు కెమెరాలు వాడక, వస్తువుల దూరాన్ని కాంతితో కొలిచే పరికరాలు వాడి, గాయకుడి ముఖాన్ని చుక్కల సమూహంగా చూపించింది. ఆ కొలతలను ఎవరైనా వాడుకొనేందుకు బహిరంగంగా ఇచ్చివేయడం మరింత విశేషం. 2010లో క్రిస్ మిల్క్, ఆరన్ కోబ్లిన్ అనేవారు, 2003లో మరణించిన గాయకుడు జానీ క్యాష్ పాట ఒకటి తీసుకొని, దాని దృశ్యగీతంలోని ఒక్కొక్క చిత్రాన్ని ఒక్కొక్కరు గీసి పంపవలసిందిగా ప్రజలను ఆహ్వానించారు. మన భారతాన్ని ముగ్గురు కవులు పూర్తి చేశారు. ఈ నివాళిని ముక్కూ మొహం తెలియని ఎందరో కలిసి గీశారు.

ఇక నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆకర్షించినది పాట కాదు, ఒక వెబ్ పుట. వెబ్ పుటకు రెండు అంగాలుంటాయి. ఎచ్‌టీఎంఎల్ అనేది విషయాన్ని, అనగా శీర్షిక ఏది, పేరా ఏది అన్నదానిని చెబుతుంది. సీఎస్‌ఎస్ అనేది రంగు, అక్షరం, అమరిక మొదలైన రూపాన్ని నిర్ణయిస్తుంది. కావ్యమీమాంసలో వస్తువు, రూపం అని మనం చెప్పుకొనే విభాగమే. ఆ రోజుల్లో చాలామంది రూపకర్తలు పుటను అందంగా అమర్చడానికి పట్టికల గళ్లలో విషయాన్ని ఇరికించేవారు. సీఎస్‌ఎస్‌తో వచ్చేవి అందవిహీనమైన పెట్టెలేనన్న అపోహ ఉండేది. 2003లో కెనడాకు చెందిన డేవ్ షే అనే రూపకర్త 'సీఎస్‌ఎస్ జెన్ గార్డెన్' పేరుతో ఒక పుటను ఇంటర్నెట్‌లో ఉంచి, నియమం ఒక్కటే పెట్టాడు: ఎచ్‌టీఎంఎల్‌లో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు, సీఎస్‌ఎస్ మీ ఇష్టం. దేశదేశాల రూపకర్తలు పంపగా అతడు ఎంచి పెట్టిన రూపాలు రెండు వందలకు పైబడ్డాయి. ఒకటి పాత పుస్తకంలా, ఒకటి సముద్రగర్భంలా, ఒకటి గోడపత్రికలా. లోపలి మాటలు మాత్రం అన్నింటా అవే!

ఇది చూసినప్పుడు నాకు తరహీ ముషాయిరా స్ఫురించింది. ముందుగా ఒక మిస్రా ఇస్తారు. వచ్చిన ప్రతి షాయరూ ఆ బహర్‌లో, ఆ రదీఫ్ కాఫియాలతోనే గజల్ చెప్పాలి. ఇరవైమంది చదివినా ఏ ఇద్దరి గజలూ ఒకటి కాదు. అసలు కవి ఎవరో, పదాలు పేర్చేవాడెవరో ఆ సభలో తేలిపోతుంది. జెన్ గార్డెన్ చేసినదీ అదే.

ఈ ప్రయోగం మన కళాశాలలో జరగడానికి ఆటంకమేమీ లేదు. పైగా మనకు ఒక ప్రత్యేకమైన సమస్య కూడా ఉన్నది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, తెలుగు ఎడమ నుంచి కుడికి సాగుతాయి. ఇంగ్లీషు అక్షరాల కొలతకు తీర్చిన వరుసల మధ్య ఎడం మన ఒత్తులకు చాలదు. నస్తాలీక్ లిపి ఏటవాలుగా కిందికి దిగుతుంది కనుక దానికి మరింత ఎడం కావాలి. ఈ రెండూ ఒకే పుటలో నిండుగా, తల తెగకుండా, కాలు విరగకుండా నిలిచేటట్లు తీర్చడం ఇంగ్లీషు ఒక్కటే తెలిసినవాడికి ఎదురుకాని సమస్య. విద్యార్థి మిత్రులారా, ఈ సమస్య ఇస్తున్నాను, పూరించండి!

సౌకర్యాలు లేవన్న మాట వినబడుతుందని నాకు తెలుసు. అందులో నిజం లేకపోలేదు. ఓకే గో బృందమే 2016లో భారరహిత స్థితిలో దృశ్యగీతం తీయడానికి రష్యా విమానసంస్థ సహాయం పొందింది. అటువంటి వాటితో మనకు పోలిక వద్దు. మూడేళ్ల కిందట మన రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు పాఠం మధ్యలో ఫోను చూస్తుండగా నేను కోపించి తీసుకున్నాను. సాయంత్రం ఇచ్చివేసేటప్పుడు "సార్, ఒక్కసారి చూడండి" అన్నాడు. పలక మీద సుద్దముక్కతో గీసి, చెరిపి, మళ్లీ గీసి తీసిన 600 ఫోటోలు. కుడివైపు నుంచి అలిఫ్, ఎడమవైపు నుంచి అకారం బయలుదేరి పలక నడుమ కలుసుకుంటాయి. వెనుక వాడి చెల్లెలు కూనిరాగం. నిడివి నిమిషం నలభై సెకన్లు. నేను "బాగుంది, పరీక్షలు చూసుకో" అని పంపించివేశాను. ఈ వ్యాసం కోసం మొన్న కబురు చేయగా, ఆ ఫోను పాడైందనీ, ప్రతి మరొకటి లేదనీ తెలిసింది. నాడు నేను ఒక్క ప్రతి అడిగి తీసుకొని ఉండవలసింది.

పెద్ద సంస్థలదీ ఇదే కథ. ఫ్లాష్ అనే సాధనంతో ఏళ్ల తరబడి ఎందరో చేసిన కదిలే బొమ్మలు, ఆటలు, పుటలు, 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ దాని బాధ్యత విరమించుకోగానే మూగవోయాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అదే సంవత్సరం నవంబరు నుంచి కొన్నింటిని మళ్లీ చూడగలిగే విధంగా భద్రపరచసాగింది. తాటాకు ప్రతుల కోసం కడపలో బ్రౌను దొర పండితులకు జీతాలిచ్చి శుద్ధప్రతులు రాయించాడని మనం పాఠంలో చెప్పుకుంటాం. ఇప్పటి తాటాకులు ఇవే.

కళాశాల కార్యవర్గం పెద్దలకు ఈ సందర్భంగా ఒక విన్నపం. గ్రంథాలయంలో ఒక బీరువా అర, రెండు హార్డ్‌డిస్కులు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన. విద్యార్థులు చేసిన ప్రతి పుటనూ, దృశ్యగీతాన్నీ ఒక ప్రతి గ్రంథాలయంలోనూ, మరొకటి ప్రిన్సిపాల్ గారి గదిలోనూ ఉంచుతాము. పట్టికలో మొదటి వరుస ఆ పలక చిత్రానికి ఖాళీగా ఉంచాను. ఆ విద్యార్థి వేసవి సెలవుల్లో మళ్లీ గీస్తానని చెప్పాడు.