చందాలెత్తి సినిమా తీసిన జాన్ అబ్రహాం

ముందే చెప్పేస్తున్నా, ఇది బైకుల మీద తిరిగే హిందీ హీరో గురించి కాదు. అదే పేరున్న మలయాళ దర్శకుడి గురించి. క్లబ్ మీటింగ్‌లో నేను ఈ పేరు ఎత్తగానే నలుగురు "ధూమ్" అని అరిచారు కాబట్టి ఈ జాగ్రత్త.

ఈయన నాకెందుకు కావాల్సొచ్చాడో కూడా చెప్పాలి. పోయిన సెమిస్టర్‌లో మేం ఆరుగురం కలిసి 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఒకటి మొదలుపెట్టాం. మెస్‌లో ప్లేట్లు కడిగే ఒక అక్క కథ. కథలో ఆమెకి రెండు నెలలుగా జీతం రాదు. ఊళ్లో ఒక షాపు ఓనరు 15,000 రూపాయలు ఇస్తానన్నాడు. రెండు షరతులు పెట్టాడు. ఆయన షాపు బోర్డు మూడు షాట్లలో కనపడాలి. జీతం సీను తీసెయ్యాలి. "ఏడుపు ఎందుకు బాబూ, కాస్త పాజిటివ్‌గా తియ్యండి" అన్నాడు. నిజం చెప్తున్నా, ఒప్పేసుకుందాం అన్నది నేనే. ఆ రాత్రి హాస్టల్ మేడ మీద పెద్ద గొడవైంది. షూటింగ్ ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే "ఇండిపెండెంట్ సినిమా అంటే ఏమిటి" అని క్లబ్‌లో మాట్లాడే వంతు నాకొచ్చింది. అలా దొరికాడు జాన్.

బళ్ళారి ఆఫీసు నుంచి పుణే దాకా

జాన్ 1937 ఆగస్టు 11న కేరళలోని కుట్టనాడులో పుట్టాడు. డిగ్రీ అయ్యాక బళ్ళారిలో ఎల్ఐసీలో ఉద్యోగం చేశాడు. మన ఇళ్లల్లో అయితే అక్కడితో "సెటిల్ అయ్యాడు" అనేవాళ్లు. ఆయన మాత్రం ఆ ఉద్యోగం వదిలేసి పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అక్కడ పాఠం చెప్పింది బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్. మణి కౌల్, కుమార్ షహానీ కూడా ఆయన శిష్యులే. మణి కౌల్ 1969లో తీసిన 'ఉస్కీ రోటీ'కి జాన్ అసిస్టెంట్‌గా పనిచేశాడు. 1972లో 'విద్యార్థికళె ఇతిలే ఇతిలే'తో తనే దర్శకుడయ్యాడు.

గాడిద తెచ్చిన గొడవ

పేరు తెచ్చింది మాత్రం 1977 నాటి తమిళ సినిమా 'అగ్రహారత్తిల్ కళుదై', అంటే అగ్రహారంలో గాడిద. ఒక ప్రొఫెసర్ తల్లి చచ్చిపోయిన గాడిద పిల్లని చేరదీస్తాడు. పట్నంలో నవ్వులపాలై దాన్ని తన అగ్రహారానికి తీసుకెళ్తాడు. ఒక మూగ పిల్ల దాన్ని సాకుతుంది. ఊళ్లో ఏ చెడు జరిగినా నింద గాడిద మీదే పడుతుంది. చివరికి చంపేస్తారు. చంపాక ఏవో మంచి సంగతులు జరిగేసరికి అదే గాడిదకి గుడి కట్టాలంటారు!

ప్రొఫెసర్‌గా నటించిన ఎం.బి. శ్రీనివాసన్ అసలు సంగీత దర్శకుడు, పుట్టింది మన చిత్తూరులో. సినిమాకి ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. మరోపక్క నిరసనలూ వచ్చాయి. తర్వాతి కాలంలో దూరదర్శన్ వేస్తామని చెప్పి ఆఖరి నిమిషంలో ఆపేసింది. అవార్డు ఉంది, సినిమా ఉంది, చూపించే చోటే లేదు.

1979లో 'చెరియాచ్చంటె క్రూరకృత్యంగళ్' తీశాడు. కామెడీకి పేరుపడ్డ అడూర్ భాసిని అందులో భయంతో, అపరాధభావంతో మతి చెడిన భూస్వామిగా చూపించాడు.

లెక్క ఎక్కడ తిరగబడింది

ఇక్కడ కొంచెం లెక్క. మనం ఫోన్‌లో తీస్తాం కాబట్టి అర్థం కాదు గానీ, అప్పట్లో రీలు కొనకుండా ఒక్క షాట్ కూడా తియ్యలేం. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు తింటుంది. రెండు గంటల సినిమాకి 10,800 అడుగులు. ఒక్కో షాట్ సగటున మూడుసార్లు తీస్తే 32,400 అడుగులు. పైన ల్యాబు ఖర్చు, కెమెరా అద్దె, ప్రింట్లు. అంటే కెమెరా ఆన్ చేసే ముందే డబ్బు కావాలి. ఆ డబ్బు ఇచ్చేవాడు ముందే అడుగుతాడు: హీరో ఎవరు? పాటలెన్ని? చివర్లో ఎవరు చస్తారు?

మామూలు పద్ధతిలో ఆ డబ్బు నిర్మాత దగ్గర మొదలై, డిస్ట్రిబ్యూటర్, థియేటర్ దాటాక ప్రేక్షకుడి దాకా వస్తుంది. ప్రేక్షకుడు చిట్టచివర ఉంటాడు. టికెట్ కొనడం తప్ప ఇంకో మాట చెప్పే వీలు లేదు.

జాన్, ఆయన మిత్రులు 1984లో కోళికోడ్‌లో 'ఒడెస్సా' అనే బృందం పెట్టి ఈ సర్క్యూట్‌నే తిప్పేశారు. ప్రొజెక్టర్ పట్టుకుని ఊరూరా తిరిగారు. చాప్లిన్ 'ది కిడ్' లాంటి సినిమాలు వేశారు. చూసినవాళ్లని చందా అడిగారు. ఎవరికి తోచింది వాళ్లు వేశారు. అలా పోగైన చిల్లరతో 1986లో 'అమ్మ అరియాన్' తయారైంది. తీశాక మళ్లీ అదే జనం దగ్గరికి తీసుకెళ్లి చూపించారు.

అమ్మకి తెలియడానికి

'అమ్మ అరియాన్' అంటే 'అమ్మకి తెలియడానికి'. మనం పాత ఉత్తరాల్లో "అమ్మకు వ్రాయునది ఏమనగా" అని మొదలుపెట్టినట్టు. పురుషన్ అనే కుర్రాడు అమ్మకి ఉత్తరాలు రాస్తానని మాటిచ్చి ఢిల్లీ బయల్దేరతాడు. దారిలో, వయనాడులో ఒక యువకుడి శవం కనిపిస్తుంది. ఎక్కడో చూసిన ముఖం. ఆరా తీస్తే తాళవాద్యం వాయించే హరి అని తెలుస్తుంది. ఢిల్లీ ప్రయాణం మానేసి, ఈ కబురు హరి తల్లికి చెప్పడానికి కొచ్చి వైపు మళ్లుతాడు. దారి పొడుగునా హరి తెలిసినవాళ్లు ఒక్కొక్కరే కలుస్తారు. ఇంట్లో అమ్మకి చెప్పి బయల్దేరతారు. ఒక్కడిగా మొదలైన ప్రయాణం చివరికి గుంపవుతుంది.

మధ్యమధ్యలో అప్పటి కేరళ పోరాటాలు వస్తుంటాయి. కెమెరా వేణు, ఎడిటింగ్ బీనా పాల్, పురుషన్‌గా జాయ్ మాథ్యూ. నలుపు తెలుపు సినిమా. మొదటిసారి చూసినప్పుడు నాకు చాలాచోట్ల నిదానంగా అనిపించింది, దాచను. రెండోసారి చూస్తే ఒకటి తట్టింది. కథలో మనుషులు ఒక్కొక్కరే వచ్చి చేరినట్టే, సినిమాకి డబ్బూ అలాగే చేరింది.

మరి స్వతంత్రం సంగతి?

జాన్‌ని దేవుణ్ణి చెయ్యడం నాకిష్టం లేదు. గాడిదకి గుడి కట్టేవాళ్ల మీద సినిమా తీసిన మనిషికి మనం గుడి కడితే బాగోదు. తాగుడు ఉంది, నిలకడలేని బతుకు ఉంది. 1987 మే 31న కోళికోడ్‌లో ఒక భవనం మీద నుంచి పడి చనిపోయాడు. అప్పటికి 49 ఏళ్లు. మొత్తం నాలుగే ఫీచర్ సినిమాలు. చందాల పద్ధతిలో రెండో సినిమా తీసే అవకాశం ఆయనకి రాలేదు.

కానీ నేను నేర్చుకున్నది ఇది. ఇండిపెండెంట్ అంటే ఎవరికీ బాకీ ఉండకపోవడం అనుకునేవాణ్ణి. జాన్ కూడా బాకీ పడ్డాడు. కాకపోతే ఎవరి గురించి తీస్తున్నాడో వాళ్లకే బాకీ పడ్డాడు.

మా బకెట్

షాపు ఓనరుకి వద్దని చెప్పేశాం. చెప్పడానికి వెళ్లింది నేనే, అది నా శిక్ష. తర్వాత రెండు శనివారాలు మెస్ గోడకి దుప్పటి కట్టి 'ది కిడ్' వేశాం. కడిగిన సాంబారు బకెట్ ఒకటి అందరి ముందూ తిప్పాం. రెండు రోజులకీ కలిపి 4,730 రూపాయలు వచ్చాయి. మైకు, ట్రైపాడ్ అద్దెకి సరిపోతాయి.

రెండో శనివారం బకెట్ వెనక్కి తీసుకెళ్తుంటే, గిన్నెలు తోముతున్న అక్క చెయ్యి తుడుచుకుని ఇరవై రూపాయల నోటు వేసింది. "మీ సినిమా ఎప్పుడు ఏస్తారు తమ్ముడూ?" అంది.

15,000 వద్దన్నప్పుడు లేని భయం ఆ ఇరవై రూపాయలు తీసుకున్నప్పుడు వేసింది. జీతం సీను మళ్లీ రాస్తున్నాం. ఈసారి ఆమెనే అడిగి రాస్తున్నాం. అయ్యాక మొదటి షో మెస్‌లోనే. మీరూ రండి, దుప్పటి మాది, బకెట్‌లో వేసేది మీ ఇష్టం.