మంగు మచ్చలు – వన్నె తెచ్చు లేపనములు

1955లో ఒప్పందము కుదిరి, 1959లో మొదటి కొలిమి వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారమునకు పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు సుపేలా పరిసరములందు కలవు. ఎండ మిక్కుటమైన ఈ సీమలో స్త్రీల చెక్కిళ్లపై, నుదుటిపై గోధుమవన్నె మంగు ఏర్పడుట కద్దు. ఎండ, గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు దీనికి ముఖ్య కారణములు.

చర్మమునకు రంగు నిచ్చు పదార్థము మెలనిన్. అది ఎండకు గొడుగు వంటిది. కావున శ్యామవర్ణము రోగము కాదు, దానికి మందు అక్కరలేదు. మంగు సంగతి వేరు. దానికి వైద్యులు వాడు మందులలో హైడ్రోక్వినోన్ ప్రధానమైనది. ఇది మెలనిన్ తయారగుటను తగ్గించును. దీనిని వైద్యుని సలహాపై, రాత్రివేళ, మచ్చపై మాత్రమే పలుచగా పూయవలెను. పగటిపూట ఎండ తగులనిచ్చినచో మచ్చ మరల వచ్చును. వైద్యుడు చెప్పిన గడువు మించి నెలల తరబడి వాడినవారికి ముఖము నీలి నలుపుగా మారుటయు కలదు. గర్భిణులు వాడరాదు. కొన్ని గొట్టములలో దీనితోపాటు స్టెరాయిడ్ కూడ ఉండును. అది చర్మమును పలుచబరచి, ఎఱ్ఱబరచి, మొటిమలు కలిగించును. అందుచేతనే 2018లో ప్రభుత్వము అనేక స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని శాసించినది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది పాదరసము. ఇది శీఘ్రముగా తెలుపు తెచ్చును. ఆకర్షణ అంతయు అందులోనే ఉన్నది. కాని చర్మముగుండా రక్తములో చేరి మూత్రపిండములను చెరచును. కేరళలోని మలప్పురం జిల్లాలో 2021 జులై మొదలు 2023 సెప్టెంబరు వరకు వైద్యులు ఒక విధమైన మూత్రపిండ వ్యాధి గల 22 మందిని పరిశీలించిరి. వారిలో 15 మందికి ఆ వ్యాధియందలి ఒక ప్రత్యేక రకము కానవచ్చెను. ఆ పదునైదుగురిలో 13 మంది తెల్లబరచు లేపనములు వాడినవారే. కాళ్లవాపు, మూత్రములో నురుగు దీని గుర్తులు. లేపనము మానినపిమ్మట పెక్కుమంది కోలుకొనిరి.

2020 నాటి సౌందర్యసాధనముల నియమావళి పాదరసము కలుపుటను నిషేధించినది. అయినను దొంగసరకు వచ్చుచునే యున్నది. తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, పదార్థముల పట్టిక, గడువు తేదీ లేని డబ్బీని కొనరాదు. “మెర్క్యురీ”, “కేలొమెల్” అను పేర్లున్నను, బంగారు నగలకు తగులనీయవద్దని వ్రాసియున్నను వెంటనే విడువవలెను. నగకు గిట్టనిది చెక్కిలికెట్లు గిట్టును?

అట్టి లేపనము వాడియున్నచో డబ్బీని పారవేయక, మూత బిగించి ప్లాస్టిక్ సంచిలో కట్టి, సుపేలాలోని లాల్ బహదూర్ శాస్త్రి ప్రభుత్వ ఆసుపత్రి వైద్యునికి చూపి, మూత్రపరీక్ష చేయించుకొనవలెను. పాదరసము తువ్వాళ్లద్వారా, ఆవిరిద్వారా పసిపిల్లలకును సోకును గనుక, అంతవరకు ఆ తువ్వాలును, దిండుగలీబును వారికి అందనీయరాదు.