వాక్శుద్ధి – 'పితూరీ' అను మాట నేర్పు పాఠము

నరము లేని నాలుక ఎటైనను తిరుగునని పెద్దలందురు. కత్తిగాయము మానును గాని మాటగాయము మానదనియు అందురు. అయితే మాట గాయపరచు మార్గము తిట్టు ఒక్కటియే కాదు. తిట్టు చెవికి సోకును. సోకినది గనుక తప్పు ఒప్పుకొనుటకును, ఓదార్చుటకును తావుండును. ఒక మనిషికో, ఒక జనసమూహమునకో చెడ్డపేరు పెట్టి, ఆ పేరుతోనే వారి మొరను మూసివేయుట అంతకంటె లోతైన గాయము. మన్యసీమలోని రాజవొమ్మంగి చరిత్రము ఇందులకు సాక్ష్యము.

తూర్పు కనుమలలోని ఈ ప్రాంతము కోయదొరలు, కొండరెడ్లు, కొండదొరలు మొదలగువారికి తరతరముల నివాసము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పిమ్మట వారి పోడు సేద్యమునకు ఆంక్షలు వచ్చెను. గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ హయాములో అతి స్వల్పమైన కూలికి వారిచే రోడ్డుపని చేయించిరి. ఓర్పు నశించిన గిరిజనులు 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున తిరుగబడిరి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగెను. రాజవొమ్మంగిలో నిర్బంధమందున్న వీరయ్యదొర విడిపింపబడెను.

దొరతనమువారు దీనికి 'ఫితూరీ' అని పేరిడిరి. 1879లో రంపలో చెలరేగిన తిరుగుబాటునకును అదే పేరు. అల్లరి, కలహము అని ఆ మాటకు భావము. ఆ పేరు కాగితముపై పడినంతనే మొర వినవలసిన భారము తీరినట్లయ్యెను. కూలి ఎందుకు తగ్గెను, అడవి ఎవరి చేతినుండి పోయెను అను ప్రశ్నలు వెనుకబడి, అల్లరిని అణచుట ఎట్లు అను ప్రశ్న ఒక్కటియే నిలిచెను. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతమున సీతారామరాజు కాల్చి చంపబడెను.

అదే కాలమున, అదే కొండలలో, మాట మరియొక విధముగను పనిచేసెను. తిరుగుబాటునకు ముందే రాజు గూడెముల వెంట తిరిగి, మద్యము మానుడనియు, తగవులను కోర్టులకీడ్వక పంచాయితీలలో తీర్చుకొనుడనియు బోధించెను. స్టేషనునందు గైకొనిన ఆయుధముల వివరము వ్రాసి సంతకము చేసెను. చెప్పినదానికి, చేసినదానికి నడుమ ఎడము లేనందున ఆ మాటను జనులు నమ్మిరి. దీవెనకు బలము తీపివలన రాదు, నిలుకడవలన వచ్చును. 'మామా, బావా' అని వరుస కలిపి పిలిచి, చింతపండు తూకములో మోసగించు వర్తకుని నోట తీయని మాటయు గాయమే.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు ఈ రహస్యమును ఆచరణలో చూపెను. శరణుల వాణికి 'వచనము' అనియే పేరు, అనగా మాట. బిజ్జలుని భాండాగారాధికారి అయ్యును, లోకము తక్కువగా చూచిన మాదార చెన్నయ్య, డోహర కక్కయ్యలను ఆయన తనవారిగా చెప్పుకొనెను. లోకమిడిన పేరును త్రోసి, బంధుత్వపు పేరుతో పిలుచుటయే అచ్చట దీవెన. 'శరణు' అన్నవారికి 'శరణార్థి' అని బదులిచ్చు ఆచారమున ఇరువురును వంగుదురు, ఎవ్వరును తగ్గరు.

ఇక గృహములందు విచారింపదగినది కలదు. ఆ 'ఫితూరీ'యే నేడు 'పితూరీలు చెప్పుట' అను వాడుకలో చాడీకి పేరై ఇండ్లలో తిరుగుచున్నది. 'ఆ కోడలు గయ్యాళి', 'ఆ పిల్లవాడు మొద్దు', 'ఆ పాలేరు సోమరి' అని ఒక్క పేరు అంటగట్టిన పిమ్మట కోడలి కన్నీటికి కారణమడుగువారుండరు. పిల్లవానికి పాఠమెచ్చట తెలియలేదో చూచువారుండరు. పాలేరు ఒంటి జ్వరము ఎవరికిని పట్టదు. దొరతనమువారు మన్యమునకు చేసినదే గృహస్థుడు తన గడపలోపల చేయుచున్నాడు. కొండదొర, కోయదొర అను పేర్లలోనే దొర యున్నాడు; అట్టివానిని సంతలో 'ఏరా' అని పిలుచు నాలుక విభూతి ధరించిన నుదుటికి తగదు.

కావున వాక్శుద్ధి సాధకునకు మూడు నియమములు చాలును. ఎదుటివాని మొర పూర్తిగా వినక ముందు పేరు పెట్టరాదు. ఆ మనిషి లేనిచోట, ఉన్నచోట పలుకదగిన మాటయే పలుకవలెను. నిలుపుకొనలేని తీపి మాట ఈయరాదు.

ఫితూరీదారుడని వ్రాయబడిన ఆ వీరుని పేరే 2022 ఏప్రిల్ 4న మన్యమునందు ఒక జిల్లాకు నామమయ్యెను. తప్పుగా పెట్టిన పేరును సరిదిద్దుటకు లోకమునకు నూరేండ్లు పట్టెను. ఇంటిలోని కోడలికి, బిడ్డకు, పనివానికి అంత ఆయువు లేదు. వారి విషయమున ఈ దినముననే మాట దిద్దుకొనవలెను.

శరణు శరణార్థి.