జిరాక్సు యంత్రమును పంపివేయుటకు ముందు

సహకార సంఘములో అప్పుకొఱకు దరఖాస్తు పెట్టు సభ్యుడు పట్టాదారు పాసుపుస్తకము, 1బి నకలు, ఆధారు కార్డు, బ్యాంకి పాసుపుస్తకపు మొదటి పుట, హామీదారుని సంతకము గల పత్రము, ఇన్నింటిని కార్యాలయములోని యంత్రముపై నకళ్లు తీయించును. అసలు కాగితములను మడిచి సంచిలో పెట్టుకొని ఇంటికి పోవును. నకళ్లు దస్త్రములో చేరును. ఇంతటితో పని ముగిసినదని అందఱు తలంతురు. కాని పెద్ద యంత్రములు పెక్కింటిలో కంటికి కనబడని మూడవ ప్రతి యొకటి నిలిచియుండవచ్చును. యంత్రమును అమ్మిన దినమున ఆ ప్రతియు దానితో కూడ పోవును. దానిని తుడిచివేయు విధమును ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము.

మూడవ ప్రతి యెచ్చట నుండును?

తొలినాటి ఫొటోకాపీ యంత్రములో దీపపు వెలుగు కాగితముపై బడి, అద్దములగుండ డ్రమ్ముపైకి పోయి ప్రతిబింబము నేర్పరచెడిది. ప్రతి వెలువడిన పిమ్మట ప్రతిబింబము నిలిచెడిది కాదు. నేటి డిజిటల్ యంత్రము మొదట కాగితమును స్కాను చేసి, బొమ్మను అంకెలుగా మార్చి దాచుకొని, తరువాత అచ్చు వేయును. నకలు, స్కాను, ఫాక్సు, అచ్చు అన్నియు నొక్కటే చేయు పెద్ద యంత్రములు పెక్కింటిలో ఇందుకొఱకై కంప్యూటరులో నున్నట్టి హార్డు డిస్కు అమర్పబడి యుండును.

బల్లమీద పెట్టుకొను చిన్న ప్రింటర్లలో సామాన్యముగా డిస్కు ఉండదు. వానిలో పుట బొమ్మ నిలుచు మెమరీ విద్యుత్తు ఆగినంతనే ఖాళీ యగును. అయినను ఫాక్సు నంబర్లు, చిరునామాలు, వైఫై రహస్యపదము అట్టి యంత్రములందును నిలిచియుండగలవు. ఇటీవలి పెద్ద యంత్రములు కొన్ని పని ముగిసిన వెంటనే తమ డిస్కును తామే తుడుచుకొనును. కొన్ని సమాచారమును గూఢలిపిగా మార్చి దాచును. మన యంత్రము ఏ తరగతిదో తెలిసికొనుట మొదటి పని.

జరిగిన సంగతి

ఇది ఊహించి చెప్పు భయము కాదు. 2010 ఏప్రిల్ నెలలో అమెరికా దేశమందలి సీబీఎస్ వార్తాసంస్థవారు న్యూజెర్సీలోని యొక గిడ్డంగి నుండి వాడిన యంత్రములను నాల్గింటిని, ఒక్కొక్కటి సుమారు 300 డాలర్లకు కొనిరి. డిస్కులను తీసి, ఉచితముగా దొరకు సాధనముతో చదువగా, పండ్రెండు గంటలలోపుననే వేలకొలది పత్రములు బయటపడెను. ఒక యంత్రము బఫెలో నగర పోలీసువారిది. మఱియొకటి న్యూయార్కునందలి అఫినిటీ హెల్త్ ప్లాన్ అను ఆరోగ్య భీమా సంస్థది. అందులో రోగుల వైద్యపత్రములు దొరకెను. ఆ సంస్థ అద్దెయంత్రములను తుడువకయే తిరిగి యిచ్చినది. దీనివలన 344,579 మంది వఱకు సమాచారము బయటపడి యుండవచ్చునని లెక్కింపబడినది. 2013 ఆగస్టులో ఆ సంస్థ ప్రభుత్వమునకు 12,15,780 డాలర్లు చెల్లించుట కొడంబడెను.

మన సంఘములోని కాగితములు అంతకంటె తక్కువవి కావు. సర్వే నంబరు, ఆధారు సంఖ్య, ఖాతా సంఖ్య, సంతకము, వేలిముద్ర, ఇన్నియు నొక్కచో దొరకిన మోసగానికి మఱేమి కావలయును? బ్యాంకి రహస్యపదమును మార్చుకొనవచ్చును. బొటనవ్రేలి ముద్రను మార్చుకొనుట యెవరి తరమును కాదు.

చెఱపుట వేఱు, తుడుచుట వేఱు

గోదాములో బస్తాలుండగా స్టాకు రిజిస్టరులోని పద్దును మాత్రము కొట్టివేసినచో ధాన్యము పోయినట్లా? పుస్తకమును చూచినవానికి గోదాము ఖాళీ. తలుపు తీసినవానికి బస్తాలు ఉన్నచోటనే యుండును. యంత్రములో 'డిలీట్' అను మీట నొక్కుట సాధారణముగా ఇట్టిదే. విషయసూచికలోని పేరు పోవును, పత్రము డిస్కుపైననే యుండును. 'ఫ్యాక్టరీ రీసెట్' అనునది సైతము పెక్కు యంత్రములలో అమరికలను మాత్రమే మొదటి స్థితికి తెచ్చును. తుంగ ఆకును కోసి గడ్డను భూమిలో విడుచుటకు ఇది సాటి.

నిజముగా తుడుచుటకు మూడు మార్గములు కలవు. మొదటిది, డిస్కు యంతటిపైన అర్థములేని అంకెలను తిరిగి వ్రాయించుట. దీనిని ఓవర్‌రైట్ అందురు. మూడుసార్లు, ఏడుసార్లు వ్రాయవలెనని కొందఱు చెప్పుదురు. కాని అయస్కాంత డిస్కునకు ఒక్కసారి పూర్తిగా వ్రాసినను సామాన్యముగా చాలునని అమెరికా ప్రమాణముల సంస్థయగు నిస్ట్ వారు 2014 నాటి మార్గదర్శిలో తెల్పిరి. ఎస్సెస్డీ యనబడు చిప్పుల డిస్కునకు ఈ మార్గము నమ్మదగినది కాదు. వ్రాతను అది తన యిష్టమైన తావులకు మార్చుచుండును గనుక కొన్ని తావులు మిగిలిపోవును. దానికి తయారీదారు ఏర్పరచిన సెక్యూర్ ఎరేజ్ ఆజ్ఞను వాడవలెను.

రెండవది, మొదటినుండియు గూఢలిపిలో దాచిన డిస్కునకు తాళపుచెవి వంటి సంకేతమును నశింపజేయుట. చెవి పోయినచో లోపలి దానిని చదువజాలరు. మూడవది, డిస్కును బయటికి తీసి లోపలి పళ్లెములను ముక్కలు చేయుట. పైపెట్టెను సుత్తితో కొట్టిన చాలదు. ఇంటిలోని అయస్కాంతమును రుద్దినను ఫలము లేదు. కొన్ని పళ్లెములు గాజువి గనుక పగిలి కంటిలో పడవచ్చును. ఈ పని తెలిసినవారిచేతనే చేయింపవలెను. కాల్చుట కూడదు, పొగ విషము.

కార్యదర్శి చేయవలసిన పనులు

1. యంత్రపు నమూనా పేరును, వరుస సంఖ్యను వ్రాసికొని, అందు డిస్కు కలదో లేదో, ఏ రకమో, గూఢలిపి కలదో లేదో అమ్మినవారిని వ్రాతమూలముగా అడుగవలెను.

2. అద్దెయంత్రమైనచో యజమాని యనుమతి లేక డిస్కును తీయరాదు. క్రొత్తగా ఒడంబడిక వ్రాయునప్పుడే, గడువు ముగిసిన దినమున డిస్కును తుడిచి ధ్రువపత్ర మిచ్చుటయో, డిస్కును సంఘమునకు విడుచుటయో షరతుగా చేర్పవలెను.

3. కావలసిన చిరునామాల పట్టికను వేఱుచోట దాచుకొని, మిగిలియున్న అచ్చుపనులను ముగింపవలెను. తుడిచినది తిరిగి రాదు.

4. నిర్వాహకుని రహస్యపదముతో అమరికలలోనికి పోయి తుడుపు ఆజ్ఞ నీయవలెను. ఇది రికో యంత్రములలో 'ఎరేజ్ ఆల్ మెమరీ', కానన్ వానిలో 'ఇనిషియలైజ్ ఆల్ డేటా/సెట్టింగ్స్', కోనికా మినోల్టా వానిలో 'ఓవర్‌రైట్ ఆల్ డేటా' అను పేర్లతో నుండును. నమూనానుబట్టి పేరు కొంత మారవచ్చును గనుక యంత్రముతో వచ్చిన పుస్తకమును చూడవలెను.

5. డిస్కు పరిమాణమునుబట్టి దీనికి కొన్ని గంటలు పట్టవచ్చును. నడుమ విద్యుత్తు పోరాదు. చిన్న యూపీఎస్ పెద్ద లేజరు యంత్రపు భారమును మోయజాలదు. కరెంటు నిలుకడగా నుండు వేళను ఎన్నుకొని, ఒకరిని కాపుంచవలెను. ఆగిపోయినచో మరల మొదటినుండి చేయవలెను.

6. ముగిసిన పిదప నివేదిక ముద్రించు ఏర్పాటున్నచో దానిని తీయవలెను. చిరునామాల పట్టికయు, దాచిన పత్రముల పెట్టెలును ఖాళీగా నున్నవేమో చూచి, తేదీని, వరుస సంఖ్యను, చేసినవారి పేరును తీర్మానపు పుస్తకములో నెక్కింపవలెను.

7. చెడిపోయి కదలని యంత్రమునకు ఈ ఆజ్ఞ పనిచేయదు. యంత్రము చెడినను డిస్కు మంచిదై యుండవచ్చును. కనుక దానిని తీయించి, నాశనము చేయువఱకు బీరువాలో తాళమువేసి యుంచవలెను. మిగిలిన యంత్రమును పాత యినుప సామానువానికి గాక, 2022 నాటి ఇ-వ్యర్థముల నియమముల ప్రకారము నమోదైన సంస్థకు అప్పగింపవలెను.

సభ్యుల విధి

2022 జూన్ నెలలో కేంద్ర మంత్రిమండలి 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు ఆమోదించెను. క్రొత్త యంత్రములు వచ్చినకొలది పాతవి బయటికి పోవుచుండును. వ్యక్తుల సమాచారమును తీసికొన్నవారు దానికి తగిన భద్రత కల్పించి, అక్కఱ తీరినప్పుడు, చట్టము నిలుపుమన్నది తప్ప మిగిలినదానిని తుడిచివేయవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. విధులు దఫదఫాలుగా అమలునకు వచ్చుచున్నవి.

చట్టము ఎట్లున్నను సంఘము మనది, కాగితములును మనవి. నకళ్లు ఇచ్చునప్పుడు ప్రతిదానిపైన ఏ పనికొఱకు ఇచ్చితిమో తేదీతో వ్రాయుడు. ఆధారు సంఖ్య పూర్తిగా అవసరము లేనిచోట చివరి నాలుగంకెలు మాత్రము కనబడు మాస్కుడు ఆధారు నిండు. చెడిపోయిన నకలును యంత్రమువద్ద విడువక తెచ్చుకొనుడు. మహాజనసభలో పాతసామాను వేలము విషయము వచ్చినప్పుడు, ధర యెంత యని అడుగుటకు ముందు డిస్కును తుడిచిరా, నివేదిక యేది యని అడుగుడు. ఆ నివేదిక బల్లమీదికి వచ్చువఱకు యంత్రమును గడప దాటనీయకుడు.